కానీకి అటూ ఇటూ

వంటగది కిటికీలోంచి నాకు సగం హాలే కనిపిస్తుంది.
నూట ఇరవై మడత కుర్చీలు, వాటి వెనక గోడకి
పోయినవాళ్ల పేర్లున్న ఇత్తడి పలక.
ఈ వారం తిథి వచ్చినవాళ్ల పక్కన చిన్న బల్బు వెలగాలి.
మా ఆయన ఆన్షెల్ బల్బు నిన్నటి నుంచి
వెలగదు, ఆరదు. మిణుకుతోంది.
ఎలక్ట్రీషియన్ ఎన్నికలయ్యాక వస్తానన్నాడు.

గుమ్మం దగ్గర కాపలా కుర్రాడు సంచులు వెతుకుతున్నాడు.
నా ప్లమ్ కేకు మూత కూడా తీయించాడు.
క్షమించమ్మా అన్నాడు.
చూడు నాయనా, బాగా చూడు, అన్నాను.
నలుగురు చూడటానికే కదా చేసింది.

ప్రశ్నలు చీటీల మీద రాసిస్తారు, ఫ్రూమా,
తిట్లున్నవి తీసి పక్కన పెట్టు, అన్నాడు రబ్బీ.
నలభై మూడు చీటీలు.
తిట్లున్నవి ఆరు.
ఒకదాంట్లో అక్షరదోషం. దిద్ది మరీ పక్కన పెట్టాను.
నలభై ఏళ్ల పంతులమ్మని, చెయ్యి ఊరుకోదు.
మిగతావి దాదాపు అన్నీ ఒకే దేశం గురించి.
ఆయుధాలకు ఓటేస్తారా, ఆపుతారా?
బందీల్లో ఒక్కరి పేరైనా తెలుసా మీకు?
గాజాలో ఆకలిని ఆకలే అంటారా, ఇంకో మాట దాచుకున్నారా?
మా జిల్లాకి సముద్రం లేదు.
ఉన్న ఒక్క చెరువూ నవంబరుకి గడ్డకడుతుంది.
అయినా ఈ రాత్రి కుర్చీల కింద అలలు.

ప్రూయిట్ లేచాడు. మెడ మీద కొత్త క్షవరం గాటు.
ఇజ్రాయెల్‌కి తనను తాను కాచుకునే హక్కుంది, కానీ, అన్నాడు.
కుడివైపు కుర్చీలు కిర్రుమన్నాయి.
హాల్వర్సన్ నీళ్లు తాగి,
చనిపోయిన ప్రతి పసివాడూ పసివాడే, కానీ, అంది.
ఈసారి ఎడమవైపు ఎవరో లేచి బయటికి నడిచారు.
కానీకి ముందున్నది మర్యాద, తరవాతున్నది ఓటు.
ఇద్దరూ పాము చావకుండా, కర్ర విరగకుండా మాట్లాడారు.
తప్పుపట్టను. గంటలో వాళ్లు వేరే హాలుకి వెళ్లాలి.
ఆ పాముతో, ఆ కర్రతో
ఒకే ఇంట్లో కాపురం చేయాల్సింది మేం.

పోయిన వసంతం, పెసాఖ్ విందు రాత్రి
నా మనవరాలు టాలియా ఒక మాట అంది.
మా చెల్లెలి మనవడు ఎల్కానా అప్పటికి సరిహద్దులో ఉన్నాడు.
గరిటె కింద పెట్టకుండానే
ఆ మాట నా బల్ల మీద వద్దన్నాను.
ఆ పిల్ల మారుమాట్లాడలేదు, కోటు వేసుకుంది.
ప్రవక్త ఎలియాహు కోసం తెరిచిన తలుపులోంచే
వెళ్లిపోయింది.
ఆరు నెలలు.

ముప్పై ఎనిమిదో చీటీ ఇలా ఉంది:
97వ నంబరు బస్సు స్టాపుని
వృద్ధుల భవనం ముందు నుంచి ఎత్తేశారు.
జనవరిలో ముసలివాళ్లు మంచు మీద రెండు వీధులు నడవాలి.
మీలో ఎవరు అడుగుతారు దీని గురించి?

పేరు లేదు.
ఏడు నడుం మీద మాత్రం అడ్డగీత.
చెర్నోవిట్స్ బడిలో నేర్చినట్టు ఆన్షెల్ అలా గీసేవాడు.
ఈ ఊళ్లో అలా ఏడు రాసేది ఇంకొక్కతే,
అతని ఒళ్లో కూర్చుని ఎక్కాలు నేర్చినది.
ఆ భవనంలో మూడో అంతస్తులో ఉండేది నేను.

ఆ చీటీ అన్నిటికన్నా పైన పెట్టి పంపాను.
రబ్బీ చూశాడు, గడియారం చూశాడు,
అడుగుకి తోసేశాడు.

సభ అయిపోయింది. ఒక ముక్క కోసి
రుమాల్లో పెట్టుకుని
కిటికీలోంచి కనిపించని సగం హాల్లోకి వెళ్లాను.
గోడ వారగా నిలబడి ఉంది, కోటు విప్పకుండా,
రొమ్ము మీద నేను మెచ్చని బొత్తాం.
అమ్మమ్మా, నేనింకా ఆ మాట మీదే ఉన్నాను, కానీ,
అంది.
కానీ, తిను, అన్నాను.

ఎవరికి వేస్తావని నేనడగలేదు, తనూ అడగలేదు.
పలక మీద ఆన్షెల్ మిణుకుతూనే ఉన్నాడు,
ఔననో, కాదనో.